నల్ల పిల్లికూనని జంటలో ఇచ్చేయండి

అక్కా, తిరుపతి కొర్లగుంటలో మీ మేడమీద ఐదు వారాల పిల్లికూనలు నాలుగు ఉన్నాయి, ఇంటి ఓనరు తొందరపెడుతున్నాడు, నల్లదాన్ని ఎవరూ అడగట్లేదు అన్నారు కదా. ఓనర్ని బతిమాలైనా ఇంకో మూడు వారాలు ఆగండి. ఎనిమిది వారాలు నిండకముందే విడదీస్తే ఎంత గట్టిగా కొరకొచ్చో తోబుట్టువుల దగ్గర నేర్చుకోవు, తర్వాత వాటి పళ్లకి దొరికే చేతులు ఎవరివో పాపం! ఈలోపు వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో నులిపురుగుల మందు, మొదటి టీకా వేయించి, ఆ చీటీ పిల్లతోపాటే ఇవ్వండి.

నల్లదాన్ని విడిగా చూపించకండి. అది ఎక్కువగా ఏ కూనమీద పడుకుంటుందో చూసి, ఆ రెండూ కలిపే ఇస్తామని చెప్పండి. శకునాలు చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

నేను ఒకసారి ఫోన్‌లో మాట నమ్మి ఒక కూనని ఇచ్చేశా. తర్వాత వెళ్లి చూస్తే మూడో అంతస్తు, బాల్కనీకి వల లేదు, గిన్నెలో ఆవుపాలు, పిల్లకి విరేచనాలు. వెనక్కి తెచ్చేసుకున్నా. అప్పట్నుంచి నేనే తీసుకెళ్లి దింపుతున్నా. "ఊరెళ్తే ఎవరు చూస్తారు?" అని అడగండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

తల్లిపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మర్చిపోకండి. పాలిస్తూనే మళ్లీ చూలు కట్టేస్తుంది.