అమ్మ ఎఫ్‌డీ, కొడుకు గేము: ఇది చందా కాదు, బయానా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 61 ఏళ్లు. మావారు రైల్వేలో చేసి కాలం చేశారు. ఫ్యామిలీ పెన్షన్ నెలకు 17,000 వస్తుంది. సొంత ఇల్లు, 9 లక్షల ఎఫ్‌డీ, 20 తులాల బంగారం ఉన్నాయి. మా అబ్బాయికి 28. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి, బరంపురం స్నేహితుడితో కలిసి నౌపడా–గుణుపురం చిన్న రైలు మీద కంప్యూటర్ గేము చేస్తున్నాడు. ట్రైలరుకీ బొమ్మలకీ 6 లక్షలు ఇమ్మంటున్నాడు. చాలకపోతే బంగారం తాకట్టు పెడదామంటున్నాడు. ఇంటర్నెట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ అనే చోట 15 లక్షలు ఇస్తారట, అందులోంచి నా డబ్బు తిరిగి ఇచ్చేస్తాడట. ప్రాజెక్టు అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు పేరున పెడతారట. ఊళ్లో నలుగురైదుగురు కూడా లాభంలో వాటా మీద తలో 50,000 ఇస్తామంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: అమ్మా, ఉత్తరంతో పాటు అబ్బాయి రాసుకున్న బడ్జెట్ కాగితం కూడా పంపి మంచి పని చేశారు. ముందు దాన్నే చదివాను. మూలన పెన్సిలుతో చిన్న ఇంజను బొమ్మ వేశాడు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ నేరోగేజి రైలు కబుర్లు మా ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటే నేనూ విన్నాను. గేములో మనుషులు మన వైపు తెలుగే మాట్లాడతారని రాశాడు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరి నుంచి అలాంటి ఆట రావాలని నాకూ గట్టిగా ఉంది. అందుకే లెక్క రెండుసార్లు వేశాను.

ఆ కాగితంలో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. ‘తిండి, అద్దె: 0, ఇంట్లోనే’ అని ఉంది. ఆ సున్నా మీ వంటిల్లు. మీ 17,000 పెన్షన్‌లోంచి నెలనెలా ఈ గేముకు పెట్టుబడి ఇప్పటికే వెళుతోంది. గేము చేసే ఇద్దరి తిండి, కరెంటు, ఇంటర్నెట్, మందులు, ప్రయాణాలు కలిపి తలకు 35,000 చొప్పున నేను వేసుకున్నాను. నెలకు 70,000. ఇంకా 20 నెలల పని ఉందని వాడే రాశాడు కాబట్టి 14 లక్షలు కావాలి.

ఇప్పుడు ఆ 15 లక్షల సంగతి. క్రౌడ్‌ఫండింగ్ అంటే మన వాళ్లు చందా అనుకుంటారు. చందా ఇచ్చినవాడు తిరిగి ఏమీ అడగడు. ఇక్కడ డబ్బు కట్టిన ప్రతివాడికీ గేము ఇవ్వాలి, పోస్టరో బొమ్మో పంపాలి. ఇది బయానా. బరంపురంలో మా వీధిలో మగ్గం నేసే పెద్దాయన ఒకరుండేవారు. పెళ్లి పట్టుచీరకు బయానా పుచ్చుకోగానే రెండు గుడ్డ సంచులు తీసేవారు. పట్టు, జరీ డబ్బులు ఒకదాంట్లో, ఇంటి ఖర్చు రెండోదాంట్లో. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా మొదటి సంచి ముడి విప్పేవారు కాదు. మీవాడి కాగితంలో ఉన్నది ఒకే సంచి. అందులోంచే గేము పూర్తి కావాలి, అందులోంచే మీ 6 లక్షలూ తీరాలి.

15 లక్షలు నిజంగానే వచ్చాయనుకుందాం, 1,000 మంది కట్టారనుకుందాం. కిక్‌స్టార్టర్ వాటా 5 శాతం, అంటే 75,000. కార్డు ఛార్జీలు 3 శాతం, పైగా ఒక్కొక్కరి మీద 20 సెంట్లు, కలిపి 62,000 దాకా. పశువుల కొమ్ముతో చేసే బొమ్మలు, పోస్టర్లు విదేశాలకు పంపడానికి వాడు 40,000 వేశాడు. పోస్టేజీ చూస్తే నేను లక్షన్నరకు తగ్గించను. మిగిలేది 12 లక్షల 13 వేలు. మీ 6 లక్షలు తీర్చేస్తే 6 లక్షల 13 వేలు. నెలకు 70,000 చొప్పున తొమ్మిది నెలలు కూడా రాదు. 20 నెలల పనికి ఇంకా దాదాపు 7 లక్షల 87 వేలు తక్కువ పడుతుంది. పన్ను ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఈ డబ్బు వ్యాపార రాబడి కింద చూపాల్సి ఉంటుంది.

గేము విడుదలయ్యాక అమ్మకాలు వస్తాయి కదా అంటాడు. వస్తాయి. కానీ మొదటి రోజే ఆత్రంగా కొనాల్సిన ఆ 1,000 మంది ముందే కట్టేశారు, వాళ్ల నుంచి మళ్లీ పైసా రాదు. కొత్తవాళ్లు కావాలి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ధర 500 పెడితే 18 శాతం జీఎస్టీ పోగా సుమారు 424, స్టీమ్ 30 శాతం తీసుకుంటే 297. రెండు గంటల లోపు ఆడినవాళ్లు 14 రోజుల్లో రిఫండ్ అడగొచ్చు, పండగ డిస్కౌంట్లు ఉంటాయి. చేతికి 200 అనుకోమంటాను. ఆ 7 లక్షల 87 వేలు పూడాలంటే సుమారు 4,000 కాపీలు అమ్మాలి. అమెరికా అమ్మకాల మీద అక్కడే పన్ను కింద 30 శాతం కోస్తారు. డబ్ల్యూ-8బీఈఎన్ ఫారంలో పాన్ నంబరు ఇస్తే అది 15 శాతానికి దిగుతుంది, ఇది మరవొద్దని చెప్పండి.

పేరున్నవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. 2012లో డబుల్ ఫైన్ అనే అమెరికా గేముల కంపెనీ కిక్‌స్టార్టర్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలకు పైగా వచ్చాయి. అయినా చాలక గేమును రెండు ముక్కలు చేసి, 2014లో మొదటి సగం అమ్మి ఆ డబ్బుతో రెండో సగం పూర్తి చేశారు. ఇటు మన దేశం నుంచి పుణే కుర్రాళ్లు ‘రాజీ’ గేముకు 2017లో కిక్‌స్టార్టర్ పెడితే లక్ష్యం చేరలేదు. అక్కడ లక్ష్యం చేరకపోతే ఒక్క రూపాయీ చేతికి రాదు. వాళ్లు వేరే దారులు వెతుక్కుని 2020లో గేము విడుదల చేశారు. మీ విషయంలో అలా జరిగితే ట్రైలరుకు పెట్టిన 6 లక్షలు వెనక్కి రావు.

చెల్లెలి కొడుకు సంగతి నాకు ఇంకా భయం. ఇండియాలో ఉన్నవాళ్లు కిక్‌స్టార్టర్‌లో నేరుగా ప్రాజెక్టు పెట్టలేరు, అందుకే ఆ అబ్బాయి పేరు వచ్చింది. అప్పుడు డబ్బు ముందు అతని ఖాతాలో పడుతుంది, అక్కడి పన్ను లెక్కల్లో అతని పేరు మీదే కనిపిస్తుంది, గేము రాకపోతే జనం నిలదీసేదీ అతన్నే. ఎవరి పన్ను ఎవరు కట్టాలో కాగితం మీద రాసుకోకుండా ఈ పని చేయొద్దు. అక్కచెల్లెళ్ల మధ్య మాట తేడా వస్తే దాన్ని ఏ గేమూ సరిచేయలేదు.

ఊళ్లోవాళ్ల 50,000లు వద్దని మర్యాదగా చెప్పేయండి. దగ్గరి బంధువు అప్పుగా ఇస్తే వేరు. బయటివాళ్ల దగ్గర తిరిగి ఇస్తానని డిపాజిట్లు పోగేస్తే, అనుమతి లేని డిపాజిట్లను నిషేధించిన 2019 నాటి చట్టం కింద కేసులు కావచ్చు. లాభంలో వాటాలు ఇలా నోటిమాట మీద పంచడం కూడా మంచిది కాదు. బంధువుల అప్పయినా 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. బ్యాంకు ద్వారానే తీసుకోవాలి.

మీ 9 లక్షలు నేనైతే ఇలా పెడతాను. 6 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో. 2023 ఏప్రిల్‌లో ఆ వడ్డీని 8.2 శాతం చేశారు, ఆ లెక్కన మూడు నెలలకోసారి 12,300 వస్తుంది. చేరే ముందు అప్పటి రేటు కౌంటర్లో అడగండి, చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. లక్షన్నర ఆస్పత్రి ఖర్చుకని ఎఫ్‌డీలోనే ఉంచండి. మిగిలిన లక్షన్నర అబ్బాయికి ఇవ్వండి, తిరిగి వస్తుందని ఎదురుచూడకుండా ఇవ్వండి. దాంతో ఆరు నెలల్లో ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు రైలు నడిచే డెమో చేయమనండి. స్టీమ్‌లో గేముకు చోటు పెట్టడానికి 100 డాలర్లే. డెమో ఉచితంగా వదిలితే ఎంతమంది విష్‌లిస్టులో, అంటే తర్వాత కొనాలనుకునే జాబితాలో, పెట్టుకున్నారో కళ్లకు కనిపిస్తుంది, జనాన్ని డబ్బు అడగడం ఆ తర్వాత. ఈలోగా వారానికి రెండు రోజులు ఫ్రీలాన్స్ పని చేసి తన తిండి ఖర్చు మీ చేతిలో పెట్టమనండి. బంగారం లాకర్లోంచి తీయొద్దు.

ఎఫ్‌డీ గడువు వచ్చే నెలలో తీరుతుందని రాశారు. బ్యాంకువాళ్లు దానంతటదే రెన్యూ చేసేస్తే మధ్యలో తీసినందుకు వడ్డీ కోత పడుతుంది. గడువుకు వారం ముందే అబ్బాయిని వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లి, రెన్యూ చేయొద్దని రాసి ఇచ్చి రండి.