ఒకే రౌటర్‌కు మూడు పేర్లు

అమ్మలూ,

గృహప్రవేశం రోజు నిజాంపేటలో మీ ఇంట్లో చూసిన ఒక విషయం అప్పటినుంచీ మనసులో మెదులుతూనే ఉంది. వచ్చిన చుట్టాలందరికీ వైఫై పాస్‌వర్డ్ చెప్పావు. వంటవాళ్లతో వచ్చిన కుర్రాడికీ చెప్పావు. అది మా అల్లుడి ఫోన్ నంబరే. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి అలా పెట్టి వెళ్లాడు, మీరు అలాగే ఉంచేశారు. నీ ఆఫీసు ల్యాప్‌టాప్, గుమ్మం దగ్గరి కెమెరా, మీ అత్తగారి గదిలో టీవీ అన్నీ ఆ నెట్ మీదే ఉన్నాయి.

మల్కాజిగిరిలో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. పై పోర్షన్‌లో అద్దెకున్న కుర్రాళ్లకు మా పాస్‌వర్డే ఇచ్చాను. వాళ్లు ఖాళీ చేసి పక్క బిల్డింగ్‌లోకి మారారు. కొన్నాళ్లకు నెట్ నత్తనడక నడుస్తుంటే రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి చూశాను. మా ఇంట్లో ఉన్న పరికరాలు 8, కనెక్ట్ అయినవి 14. పాస్‌వర్డ్ మార్చడం నిమిషం పని. కానీ కెమెరాలు, టీవీ, ప్రింటర్, ఫోన్‌తో నడిపే గీజర్ ప్లగ్గు ఒక్కొక్కటే మళ్లీ కలుపుకునేసరికి రెండు రోజులు పట్టింది. వాళ్లకు అదే రౌటర్‌లో ఇంకో వైఫై పేరు, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చి ఉంటే, ఆ ఒక్క పాస్‌వర్డ్ మారిస్తే సరిపోయేది.

అందుకే మీ వైఫైకి మూడు పేర్లు, మూడు పాస్‌వర్డ్‌లు పెట్టుకో. ఒకటి ఇంటివాళ్లకు. ఫోన్లు, ల్యాప్‌టాప్, ప్రింటర్, టీవీ దీని మీదే ఉండాలి. ఫోన్లో బొమ్మ టీవీలో వేయాలన్నా, ప్రింట్ తీయాలన్నా మామూలుగా రెండూ ఒకే నెట్‌లో ఉండాలి. రెండోది వచ్చిపోయేవాళ్లకు. మూడోది కెమెరాలు, ఫోన్‌తో నడిపే బల్బులు, ప్లగ్గులకు. ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చని కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. వాటన్నిటితో ఒకేసారి దాడి చేయించి పెద్ద పెద్ద సైట్లనే ఆపేసింది. బల్బులు, ప్లగ్గులు చాలావరకు వైఫై సిగ్నల్ బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి కాబట్టి మూడో పేరును ఆ బ్యాండ్‌లోనే పెట్టు. వాటిని మొదటిసారి కలిపేటప్పుడు నీ ఫోన్‌ను కూడా కాసేపు ఆ పేరుకే మార్చుకో.

నాలుగోది, అయిదోది వద్దు. ప్రతి పేరూ తాను ఉన్నానని సెకనుకు దాదాపు 10 సార్లు గాల్లోకి చాటుతుంది. అపార్ట్‌మెంట్లో చుట్టూ ఉన్న ఫ్లాట్ల వైఫైలతో ఆ గాలి ఇప్పటికే ఇరుకు. పేర్లు పెరిగితే స్పీడ్ పెరగదు, ఉన్న లైన్‌నే అందరూ పంచుకుంటారు.

ఇక అసలు జాగ్రత్త. పేరు వేరైనంత మాత్రాన నెట్ వేరైపోదు తల్లీ. ‘గెస్ట్ నెట్‌వర్క్’ అని విడిగా ఉంటే ఆ రౌటర్ సాధారణంగా అతిథులను ఇంటి నెట్‌లోకి రానివ్వదు. కానీ ఫైబర్ వాళ్లు ఇచ్చే కొన్ని డబ్బాల్లో ఎస్ఎస్ఐడీ (అంటే వైఫై పేరు) 1, 2, 3, 4 అని వరసగా ఉంటాయి. అక్కడ ఊరికే ఇంకో పేరు ఆన్ చేస్తే రెండు తలుపులు పెట్టి ఒకే గదిలోకి దారి ఇచ్చినట్టే. ఒకరి పరికరాలు ఇంకొకరికి అందకుండా విడదీసే ‘ఐసోలేషన్’ అనే ఆప్షన్ కోసం వెతుకు. అది ఆన్ చేసినా నమ్మి వదిలేయకు, పరీక్షించు. ఫోన్‌ను చుట్టాల పేరుకు కలిపి బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టు. 192.168.1.1 లాంటిది, డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. లాగిన్ పేజీ వచ్చిందంటే గోడ ఇంకా పూర్తి కాలేదు. తర్వాత ప్రింటర్ అడ్రస్ కూడా కొట్టి చూడు. ఏదీ తెరుచుకోకుండా, బయటి సైట్లు మాత్రం వస్తుంటే దాదాపు కుదిరినట్టే.

రౌటర్ పేజీలోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు. ముందు మార్చాల్సింది మొదటిది. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకో, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయి. పేరు కనిపించకుండా దాస్తే భద్రత అంటారు కొందరు. తెలిసినవాడు దాన్ని తేలిగ్గా పట్టేస్తాడు, ఆ శ్రమ అనవసరం. పేరులో ఫ్లాట్ నంబర్, ఇంటిపేరు పెట్టకు. నీకు తెలుగులో పెట్టాలని ఉంటుందని తెలుసు, పెట్టొచ్చు. కానీ పేరుకు 32 బైట్లే చోటు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటీ మూడేసి తింటాయి, ఒత్తు ఆరు తింటుంది, కాబట్టి పొట్టిదే పడుతుంది. కెమెరాల పేరు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంచు, వాటిలో కొన్నింటికి తెలుగు అక్షరాలు అర్థం కావు.

ఈ పనికి శనివారం సాయంత్రం కూర్చో. సోమవారం పొద్దున ఆఫీసు మీటింగ్ ముందు మొదలుపెట్టి టెన్షన్ పడకు. ఏదైనా సెట్టింగ్ మార్చనివ్వకపోతే కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేసి, గెస్ట్ నెట్‌వర్క్ కావాలని అడుగు. ఫ్రిజ్ మీద చుట్టాల పాస్‌వర్డ్ ఒక్కటే అంటించు. మిగతా రెండూ డైరీలో రాసి బీరువాలో పెట్టు.

మీ బాబాయి