వాణీ జయరాం గారి గొంతు ఇష్టమైతే ఇంకెవరిని వినాలి?

వాణీ జయరాం గారి పాటలన్నీ వినేశాను, అలా పాడే గాయనులు ఇంకెవరున్నారని అడిగారు. 2023 ఫిబ్రవరిలో ఆవిడ పోయినప్పటి నుంచి నేనూ ఇదే వెతుక్కుంటున్నాను. నాకు పనికొచ్చిన దారి చెప్తాను.

మొదట యాప్‌లో ఆవిడ పేరు కొట్టి, దాని వెంట వచ్చినవి వచ్చినట్టు విన్నాను. అన్నీ జానకమ్మ, సుశీలమ్మ పాటలే. వాళ్లిద్దరూ నాకు ప్రాణం, కానీ నేను వెతికేది వేరు. మా అమ్మాయికి సంగీతం చెప్పే టీచర్‌గారితో అంటే, "ఆ గొంతులో నీకు నచ్చేదేమిటో ముందు తేల్చుకో అమ్మా" అన్నారు.

ఇంటికొచ్చి 'స్వాతికిరణం'లోని 'ఆనతినీయరా' పెట్టుకున్నాను. పిల్లాడి పాత్రకి ఆవిడ పాడిన పాట. స్వరాలు ఎంత జోరుగా వచ్చినా ఏ స్వరానికా స్వరం ముత్యంలా విడిగా వినిపిస్తుంది. పై స్థాయికి వెళ్లినా గొంతు బిగుసుకోదు. నాకు కావాల్సింది అదేనని అప్పుడు తెలిసింది.

ఈసారి టీచర్‌గారు, "అయితే ఆవిడ గురువుల్ని చూడు" అన్నారు. వాణి గారు చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నా, పెళ్లయి బొంబాయి వెళ్లాక పటియాలా ఘరానాకి (హిందుస్తానీలో గురుశిష్య పరంపరని ఘరానా అంటారు) చెందిన ఉస్తాద్ అబ్దుల్ రెహమాన్ ఖాన్ దగ్గర హిందుస్తానీ నేర్చుకున్నారు. వేగంగా సాగే తానాలకి (స్వరాల పరుగులకి), సర్గమ్‌లకి (స్వరాల పేర్లతోనే పాడటానికి) పేరున్న ఘరానా అది. ఆ దారిలో వెళ్తే అదే ఘరానా గాయని కౌశికీ చక్రవర్తి దొరికారు.

ఒక రాత్రి గిన్నెలు సర్దుతూ ఆవిడ పాడిన 'యాద్ పియా కీ ఆయే' అనే ఠుమ్రీ (భావం ప్రధానంగా సాగే హిందుస్తానీ పాట) పెట్టాను. 'పియా' అనే రెండక్షరాల్ని ఒకసారి అడిగినట్టు, ఒకసారి అలిగినట్టు, ఇంకోసారి ఏడుపు ఆపుకున్నట్టు పలుకుతుంటే, పళ్లెం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ ఠుమ్రీకి అంత పేరు తెచ్చిన బడే గులాం అలీ ఖాన్ సాబ్ 1968లో కన్నుమూసింది మన హైదరాబాద్‌లోనే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. రోజూ అటే బస్సులో వెళ్తాను, ఇన్నేళ్లూ ఆ సంగతి తెలియదు.

తర్వాత బేగం పర్వీన్ సుల్తానా గారిని వినండి. తార స్థాయిలో ఆవిడ గొంతు తిరిగే తీరు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

బాంబే జయశ్రీ గారి పేరు కూడా చాలామంది చెప్తారు. 'చెలి'లో 'మనోహరా' పాడింది ఆవిడే. నా మటుకు నాకు వాణి గారితో పోలిక కనబడలేదు, ఆవిడది కింది స్థాయిలో నిండుగా మోగే గొంతు. కానీ మాటని తొందరపెట్టకుండా పాడటం మీకు ఇష్టమైతే ఆవిడ దగ్గరే ఆగిపోతారు.

కౌశికి గారితో మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదట్లో చాలా నెమ్మదిగా సాగుతుంది, అక్కడ మాత్రం ఆపేయకండి. వాణి గారి పాటల్లో మీరు ఎక్కువగా వినేది ఏదో కింద రాయండి, దాన్ని బట్టి ఇంకో ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్తాను.