పాఠకుల ప్రశ్నలు: చెరువు నీటిలో ఫేజ్‌లు

మా చేపల చెరువులో పచ్చటి తెట్టు రెండు రోజుల్లో దానంతటదే విరిగి నీరు తేటపడింది. మందేమీ చల్లలేదు. వైరస్ పనేనని ఒకరన్నారు. ఆ వైరస్‌నే తెచ్చి చల్లితే తెట్టు బెడద వదులుతుందా?
– ఒక రైతు, కైకలూరు

వైరస్ పని కావచ్చు. వరసగా మబ్బు పట్టినా, పోషకాలు తరిగినా తెట్టు విరుగుతుంది కాబట్టి కంటితో చూసి తేల్చలేం. నాచులా కనిపించే ఆ తెట్టు చాలా చెరువుల్లో మైక్రోసిస్టిస్ అనే సయనోబ్యాక్టీరియా, అంటే ఎండతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా. బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లే ఫేజ్‌లు. సయనోబ్యాక్టీరియాకు సోకే ఫేజ్‌ను 1963లో అమెరికాలో సాఫర్‌మన్, మోరిస్ మురుగునీటి కుంట నుంచి వేరుచేశారు.

మంచినీటిలో మిల్లీలీటరుకు బ్యాక్టీరియా పది లక్షలుంటే ఫేజ్‌లు సుమారు కోటి ఉంటాయి. అవి ఈదలేవు. తగిన బ్యాక్టీరియా తగిలేదాకా నీటితోపాటు తిరుగుతాయి, ఈలోగా ఎండకు కొన్ని పాడవుతాయి. ఏ రకం బ్యాక్టీరియా బాగా చిక్కగా పెరిగితే దాని ఫేజ్‌లకే వేట సులువు. అది తగ్గగానే వేటా మందగిస్తుంది, లొంగని రకాలు మళ్లీ పెరుగుతాయి. పైగా ఒక ఫేజ్ సాధారణంగా ఒక జాతిలో కొన్ని రకాలకే సోకుతుంది. కాబట్టి తెచ్చి చల్లినా, మిగిలిన మేత నుంచి భాస్వరం చేరుతున్నంత కాలం తెట్టు తిరిగి కడుతుంది.

మీరు అడగని విషయం ఒకటుంది, అసలు ప్రమాదం అదే. ఫేజ్ కణాన్ని పగలగొట్టినప్పుడు లోపలి నత్రజని, భాస్వరం, మైక్రోసిస్టిన్ విషం అన్నీ నీటిలోకే వస్తాయి. తేటపడిన నీరు శుభ్రమైన నీరు కాదు. ఆ సరుకును తినే బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను లాగేస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. తెట్టు విరిగిన రోజే మేత ఆపండి. రాత్రంతా ఏరేటర్లు తిప్పండి. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూడండి; లీటరుకు 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే కొత్త నీరు పెట్టండి. కొద్దిరోజులు పశువులను ఆ నీటికి వదలొద్దు. మైలతుత్తంతో తెట్టును చంపినా ఇదే ముప్పు.

కాలేజీ ల్యాబ్‌లో చెరువు నీటిలోని ఫేజ్‌లను లెక్కించడమెలా?
– ఒక అధ్యాపకురాలు, వరంగల్

ఈ.కోలై పేగుల్లో ఉండే బ్యాక్టీరియా; దాని హానిలేని ల్యాబ్ రకంతో మొదలుపెట్టండి. నీటిని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, పది రెట్లు పలచన చేయండి. అందులో 0.1 మి.లీ.ని చురుగ్గా పెరుగుతున్న ఈ.కోలై 0.2 మి.లీ.తో కలిపి పది నిమిషాలుంచండి. 45 డిగ్రీల దగ్గర కరిగి ఉన్న 0.7 శాతం అగర్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) 3 మి.లీ.లో వేసి, వెంటనే మామూలు అగర్ పళ్లెంపై పరవండి. 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే బ్యాక్టీరియా పొరలో గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. ఒక్కో ఖాళీ ఒక ఫేజ్ కింద లెక్క. 42 ఉంటే, పలచన చేసినందుకు ఒక 10, 0.1 మి.లీ.యే తీసుకున్నందుకు ఇంకో 10: 42 × 10 × 10, అంటే మిల్లీలీటరుకు 4,200.

అగర్ 50 డిగ్రీలు దాటితే ఈ.కోలై చస్తుంది, చల్లారితే గడ్డలు కడుతుంది. నిన్నటి ముదురు కల్చర్ వాడితే ఖాళీలు సరిగా రావు. చాలామంది పొరబడేది మాత్రం లెక్క దగ్గర: ఇది ఈ.కోలైకి సోకే ఫేజ్‌ల లెక్కే, చెరువులోని ఫేజ్‌లన్నిటిదీ కాదు. అన్నీ కావాలంటే 0.02 మైక్రాన్ ఫిల్టర్‌పై పట్టి, డీఎన్ఏకు అంటుకుని మెరిసే రంగు వేసి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్‌లో చూడాలి.

ఫేజ్‌లున్న నీరు తాగితే జబ్బు చేస్తుందా?
– ఒక విద్యార్థి, నల్గొండ

ఫేజ్‌లు మన కణాలకు సోకవు. కానీ ఈ.కోలై ఫేజ్‌లు కనిపించాయంటే ఆ నీటిలో మలం కలిసి ఉండే అవకాశం ఎక్కువ. మరిగించకుండా తాగొద్దు.