అల్లుడూ, వీపీఎన్‌కి రెండేళ్ళ డబ్బులు ఒకేసారి కట్టే ముందు ఇది చదువు

అల్లుడూ,

రాత్రి నువ్వు పంపిన వీపీఎన్ స్క్రీన్‌షాట్ చూశా. వీపీఎన్ అంటే తెలుసుగా, మన నెట్ ట్రాఫిక్‌ని ఇంకో చోట ఉన్న వాళ్ళ మెషిన్ మీదుగా దాచి పంపే సర్వీసు, బయటికి మనం అక్కడే ఉన్నట్టు కనపడతాం. రెండేళ్ళ ప్లాన్, 80 శాతం తగ్గింపు, పక్కన గడియారం తిరుగుతా ఉంది, ఇంకో రెండు గంటల్లో ఆఫర్ అయిపోతుందని. నేను చూసినప్పుడు ఆ గడియారం మర్నాడు పొద్దున పేజీ తెరిస్తే మళ్ళీ మొదటినుంచి తిరిగింది, కాబట్టి కంగారుపడి కట్టెయ్యొద్దు. ఫోన్లో చెప్దామనుకున్నా గానీ నువ్వు ఎప్పుడు ఎత్తినా క్యాబ్‌లోనే ఉంటావు, సిల్క్ బోర్డు జంక్షన్ హారన్లలో సగం మాటలు వినపడవు, అందుకే కూర్చుని రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు నాకు జరిగింది చెప్తా. పోయిన సంవత్సరం నేనూ మీ అత్తా పాప దగ్గరికి అమెరికా వెళ్ళాం కదా, ఐదు నెలలు. అక్కడినుంచి మన బ్యాంకు సైటు తెరవాలి, ఎఫ్‌డీ ఒకటి మెచ్యూర్ అవుతోంది, మీ అత్తకి ఇక్కడ డబ్బు కట్టిన ఓటీటీలో సీరియళ్ళు చూడాలి. అందుకని బయల్దేరే పదిహేను రోజుల ముందు మారతహళ్ళి ఇంట్లో కూర్చుని ఒక కంపెనీ వీపీఎన్ ఏడాది ప్లాన్ తీసుకున్నా, నాలుగు వేల చిల్లర. స్పీడు చూశా, బ్రహ్మాండంగా ఉంది, సరే అనుకుని వదిలేశా. ఇండియా సర్వర్ పెట్టి మన బ్యాంకు ఓపెన్ అవుతుందా అని మాత్రం చూడలేదు. ఇరవై ఏళ్ళుగా నెట్‌వర్క్ పనిలో ఉన్న నేనే ఆ ఒక్కటి చూడలేదు.

అక్కడికి పోయాక ఇండియా అని నొక్కితే బ్యాంకు సైటు రానివ్వలా. ఓటీటీ వాళ్ళు ప్రాక్సీ ఆపండి, అంటే ఈ వీపీఎన్నే ఆపండి అంటారు. చాట్‌లో అడిగితే యాప్ తీసేసి మళ్ళీ వెయ్యండి అన్నారు, వేశా. ప్రోటోకాల్, అంటే వీపీఎన్ కనెక్ట్ అయ్యే పద్ధతి, మార్చమన్నారు, మార్చా. మా టెక్నికల్ టీమ్ చూస్తుంది 48 గంటలు ఆగండి అన్నారు, ఆగా. ఇలా రోజులు దొర్లిపోయి, చివరికి డబ్బు వెనక్కి ఇవ్వండి అని నేను అడిగేసరికి 32వ రోజు, వాళ్ళ గ్యారంటీ 30 రోజులు. అంతే, కుదరదన్నారు. నాలుగు వేలు పోవడం కంటే, మర్యాదగా మాట్లాడుతూనే గడువు దాటించేశారే అని నాకు ఇప్పటికీ మండుతుంది.

ఇప్పుడు అది ఎందుకు పనిచెయ్యలేదో విను, ఇది యాడ్‌లలో ఎవడూ చెప్పడు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్, అంటే మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ, ఒక ఆదేశం ఇచ్చింది, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, అడ్రసులు, ఫోన్ నెంబర్లు, వాళ్ళకిచ్చిన ఐపీలు (నెట్‌లో మనల్ని గుర్తుపట్టే నెంబర్లు) ఇవన్నీ ఐదేళ్ళు దాచాలని. ఆఫీసులు తమ ఉద్యోగులకి ఇచ్చే వీపీఎన్‌కి అది వర్తించదు, అమ్ముకునే వాటికే. లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఏం వాడారన్న రికార్డులు) దాచం అని చెప్పుకుని అమ్మేవాళ్ళకి అది కుదిరే పని కాదు కదా, అందుకని ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్, ప్రోటాన్ వీళ్ళంతా ఆ ఏడాదే ఇండియాలో ఉన్న మెషిన్లు తీసేశారు. కానీ యాప్‌లో ఇండియా జెండా అలాగే ఉంటుంది. ఐపీ ఇండియాది అని రాసుంటుంది, మెషిన్ మాత్రం సింగపూర్‌లోనో లండన్‌లోనో. దీన్ని వర్చువల్ లొకేషన్ అంటారు. నువ్వు ఇక్కడ బెంగళూరు బీటీఎంలో కూర్చుని ఇండియా నొక్కితే నీ ట్రాఫిక్ చెన్నై దగ్గర సముద్రంలో దిగి సింగపూర్ పోయి మళ్ళీ వెనక్కి రావచ్చు. పింగ్ కొట్టి, అంటే సర్వర్ జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే తెలిసిపోతుంది, మన దేశంలోనే ఉన్న మెషిన్ అయితే అంత ఆలస్యం ఉండదు. పైగా ఆ ఐపీలు ఇళ్ళవి కాదు, సర్వర్లు పెట్టే డేటాసెంటర్‌వి అని బ్యాంకుల లిస్టుల్లో ముందే ఉంటాయి, వేలమంది ఒకే ఐపీ నుంచి వస్తుంటే వాళ్ళు మాత్రం ఎందుకు నమ్ముతారు.

ఇదంతా నేను మారతహళ్ళి ఇంట్లోనే ఐదు నిమిషాల్లో పట్టుకునేవాణ్ణి. ఇండియా సర్వర్ ఆన్ చేసి బ్యాంకు సైటు తెరిస్తే ఇక్కడే ఆపేసేది. అందుకే నీకు గట్టిగా చెప్తున్నా, ఏ పని కోసం కొంటున్నావో ఆ పనే మొదటి రోజు చేసి చూడు, స్పీడ్ టెస్ట్ ఒక్కటీ చూసి మురిసిపోవద్దు.

నీ సంగతికొస్తే రెండు కారణాలు రాశావు. ఒకటి, పీజీ వైఫైలో అందరూ మన పాస్‌వర్డ్‌లు చూసేస్తారని నీ రూమ్మేట్ భయపెట్టాడు. అంత భయం అక్కర్లేదు నాన్నా. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ మీదే, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా తాళం వేసి పంపే పద్ధతిలోనే నడుస్తుంది, నువ్వు టైప్ చేసేది రౌటర్ దగ్గర కూర్చున్నవాడికి కనపడదు. ఏ సైటుకి పోయావు అన్నది మాత్రం తెలుస్తుంది, పీజీ ఓనర్‌కో నెట్ కనెక్షన్ ఇచ్చినవాడికో. వీపీఎన్ పెడితే వాళ్ళకి అది కూడా కనపడదు, కానీ అదే సంగతి వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది. ఓనర్ మీద పెట్టే నమ్మకం ఇంకెవరి మీదో పెడుతున్నావు, అదీ నెలనెలా డబ్బిచ్చి. వాళ్ళు ఎవరు, ఏ దేశంలో ఉన్నారు, బయటి ఆడిటర్ల చేత చెక్ చేయించుకున్నారా అన్నవి చూడకుండా ఎట్లా ఇస్తావు చెప్పు. పెద్ద పేరున్నవాళ్ళకి కూడా తప్పలేదు, నార్డ్ వీపీఎన్ వాళ్ళ ఫిన్లాండ్ సర్వర్ ఒకటి 2018 మార్చిలో హ్యాక్ అయితే జనానికి చెప్పింది 2019 అక్టోబర్‌లో. బ్యాంకు పని ఉంటే పీజీ వైఫై ఆపేసి మొబైల్ డేటాలో చేసుకో, దానికి రూపాయి ఖర్చు లేదు. వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు యూపీఐ అసలు తెరవొద్దు, కొన్ని యాప్‌లు ఆగిపోతాయి, అద్దె కట్టే రోజు అది నీకెందుకు.

రెండోది నిజంగా అవసరమే, నువ్వు శని ఆదివారాలు చేసే ఫ్రీలాన్స్ పనికి క్లయింట్ సైటు అమెరికాలో ఎలా కనపడుతుందో చూడాలి. దానికి పెయిడ్ వీపీఎన్ తీసుకోవచ్చు, తప్పేం లేదు, మన దేశంలో అది చట్టవిరుద్ధం కూడా కాదు. కానీ ఒక్క నెల తీసుకో. నెలది ఎక్కువ మామా, రెండేళ్ళది లెక్కేస్తే నెలకి 200 కూడా పడట్లేదు అంటావు, తెలుసు. నీ పని మూడు నెలల్లో అయిపోతే ఆ లెక్క ఎక్కడుంటుంది? పైగా చూపించే రేటు మొదటిసారికే, రెన్యువల్‌కి వేరే రేటు చిన్న అక్షరాల్లో కింద ఉంటుంది. దాని మీద చాలాచోట్ల 18 శాతం జీఎస్టీ, డాలర్లలో కడితే కార్డువాడి ఫారిన్ మార్కప్, అంటే విదేశీ డబ్బులో కట్టినందుకు వేసే అదనపు ఛార్జీ. స్వీడన్‌లో ముల్వాడ్ అని ఉంది, నెలకి 5 యూరోలు, ఏడాదికి కట్టినా నెలకి అదే రేటు, ఈమెయిల్ కూడా అడగరు, ఒక నెంబర్ ఇస్తారు అంతే. 2023 ఏప్రిల్‌లో పోలీసులు వారంటుతో వాళ్ళ ఆఫీసుకి వస్తే, కస్టమర్ల డేటా అంటూ ఏమీ లేక ఉత్త చేతులతో వెళ్ళారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. అసలు డబ్బే పెట్టకూడదనుకుంటే ప్రోటాన్ ఫ్రీ ప్లాన్ ఉంది, డేటా లిమిట్ లేదు, దేశం మాత్రం నీ ఇష్టం వచ్చింది ఎంచుకోలేవు. ఊరూపేరూ లేని ఫ్రీ వీపీఎన్‌లు మాత్రం వద్దే వద్దు. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో కూడా ఫ్రీ వీపీఎన్నే, జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో చూసుకోవడానికి దాన్ని వాడుకున్నారు, 2018లో యాపిల్ స్టోర్ నుంచి పోయింది.

కొన్నాక మొదటి వారంలోనే పరీక్ష పెట్టు. రాత్రి పది దాటాక, పీజీ మొత్తం రీల్స్ చూసే టైములో అమెరికా సర్వర్ పెట్టి క్లయింట్ సైటు తెరువు, యాప్‌లో వైర్‌గార్డ్ అనే ప్రోటోకాల్ ఉంటే అది ఎంచుకో. కిల్ స్విచ్ (వీపీఎన్ తెగితే నెట్ కూడా ఆపేసే సెట్టింగు) ఆన్ చేసి మధ్యలో వైఫై ఆపి మళ్ళీ పెట్టు, ఆ మధ్యలో నీ అసలు ఐపీ బయటపడుతుందేమో చూడు, డీఎన్ఎస్ లీక్ టెస్ట్, అంటే నువ్వు తెరిచే సైట్ల పేర్లు వీపీఎన్ దాటి బయటికి పోతున్నాయేమో చూసేది, అది కూడా ఒకటి చెయ్యి. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వెయ్యొద్దు, కంపెనీ వాళ్ళు అడిగితే జవాబు చెప్పుకోలేవు.

నచ్చకపోతే నాలాగా చాట్‌లో సాగదియ్యొద్దు. క్యాలెండర్‌లో 20వ రోజుకి అలారం పెట్టుకో, ఆ రోజుకి కుదరకపోతే "నాకు రిఫండ్ కావాలి" అని మెయిల్ కొట్టు, రిపేరు మాటలు ఏమీ కలపకుండా. చాట్ అయితే ప్రతిదీ స్క్రీన్‌షాట్. కొనేది కూడా వాళ్ళ సైటులోనే కొను, ప్లేస్టోర్ ద్వారా కొంటే రిఫండ్ నిబంధనలు మారిపోతాయి, వీళ్ళు వాళ్ళ మీద వాళ్ళు వీళ్ళ మీద చెప్తారు.

ఇంకొకటి, ఆటో రెన్యువల్. మొన్న నాకు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, రేపు 8,900 కట్ అవుతుందని, అదే ప్లాన్‌కి. 2021 అక్టోబర్ నుంచి ఆర్బీఐ రూల్ ఉంది కాబట్టి 24 గంటల ముందు చెప్పారు, లేకపోతే కట్ అయ్యాక తెలిసేది. 15,000 లోపు అయితే ఓటీపీ కూడా అడగరు, ఆ మెసేజ్ ఒక్కటే నీకు దిక్కు. నేను వెంటనే కార్డు సైటులో మాండేట్, అంటే తనంతట తానే డబ్బు కట్ చేసుకునే అనుమతి, రద్దు చేశా. నువ్వు కొన్న రోజే రద్దు చేసుకో, కట్టిన నెల పూర్తయ్యేదాకా సర్వీసు ఎలాగూ నడుస్తుంది.

ఆదివారం ఇంటికి రా, నీ సొంత లాప్‌టాప్ తెచ్చుకో, ఇద్దరం కూర్చుని ఒక నెలది తీసుకుని క్లయింట్ సైటు తెరిచి చూద్దాం. అప్పటిదాకా కార్డు నెంబర్ ఎక్కడా కొట్టొద్దు. మీ అత్త ఉలవచారు చేస్తానంది, పన్నెండుకల్లా వచ్చెయ్.

మీ మామయ్య
మారతహళ్ళి, బెంగళూరు