మధ్య అమెరికాలోని మాయా జాతివాళ్ళు ఇప్పుడు చేసే పూజలను చూసి, తవ్వకాల్లో దొరికే పాతవాటిని అర్థం చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. నా మటుకు అన్నిటికంటే పనికొచ్చింది పూజ అయ్యాక నేల మీద మిగిలేదాన్ని గమనించడం.

ఆంత్రొపాలజీ చదివే రోజుల్లో గ్వాటెమాలాలో, అటిట్లాన్ సరస్సు పక్క ఊళ్ళో కొన్నాళ్ళున్నాను. 260 రోజుల పంచాంగం లెక్కగట్టి పూజలు చేయించే పెద్దాయనను అక్కడ అహ్‌కిహ్ అంటారు. ఆయన పంచదారతో ముగ్గేసినట్టు నేల మీద ఓ వలయం గీశాడు. దాని మీద కోపాల్ సాంబ్రాణి బిళ్ళలు పేర్చి తూర్పుకి ఎర్ర కొవ్వొత్తులు, పడమటికి నల్లవి, ఉత్తరానికి తెల్లవి, దక్షిణానికి పసుపువి పెట్టాడు. నువ్వులు, చాక్లెట్, సారా అన్నీ మంటలోకే. చివరికి మిగిలింది బూడిద, మసిబారిన నేల, కాస్త మైనం. రేపెవరైనా తవ్వితే వంట పొయ్యి అనుకుంటారు!

అదే సరస్సు చుట్టుపక్కల కొండ చరియల కింద జంతువుల ఎముకల గుట్టలున్నాయి. చూడగానే తిని పారేసినవే అనిపిస్తాయి. పురావస్తు శాస్త్రవేత్త లిండా బ్రౌన్ వేటగాళ్ళనే అడిగింది. జంతువుల్ని కాచే దేవుడికి ఎముకలు తిరిగి అప్పజెబితే అవి మళ్ళీ పుడతాయట, అందుకే దాచి తెచ్చి అక్కడ పెడతారు. పాత గుహల్లో ఎముకలు దొరికినప్పుడు చెత్తేనని తేల్చేముందు ఇది గుర్తుండాలి.

అలాగని ఇవాళ్టిదంతా పాతదేనంటే నేనొప్పుకోను. పంచదార, నువ్వులు స్పానిష్ వాళ్ళ తర్వాత వచ్చినవి. 1562లో మెక్సికోలోని మానీ ఊళ్ళో, తర్వాత బిషప్ అయిన స్పానిష్ మతగురువు లాండా మాయా పుస్తకాలు, విగ్రహాలు తగలబెట్టించాక ఎంత పోయిందో ఊహించుకోండి. కానీ దిక్కుకో రంగు అన్న పద్ధతి డ్రెస్డెన్ కోడెక్స్ అనే పాత మాయా చేతిరాత పుస్తకంలోనే ఉంది. 260 రోజుల లెక్కైతే ఇంకా పాతది: గ్వాటెమాలాలోని సాన్ బార్తోలో శిథిలాల్లో దొరికిన ‘7 జింక’ అనే ఆ పంచాంగపు తేదీ క్రీ.పూ. 3వ శతాబ్దానిది. అంటే వస్తువులు మారినా అమరిక నిలిచే అవకాశముంది. నేనైతే అమరికనే ఎక్కువ నమ్ముతాను.

ఇందులో ఒక చిక్కుంది. గ్వాటెమాలా అంతర్యుద్ధాన్ని ముగించిన 1996 శాంతి ఒప్పందం తర్వాత మాయా పూజలు బాహాటంగా జరుగుతున్నాయి, వాటి మీద అచ్చయిన పుస్తకాలూ దొరుకుతున్నాయి. శాస్త్రవేత్తలు రాసింది పూజారి చదివి చేస్తే, అది చూసి మనం పాతకాలపు సాక్ష్యమని రాసుకుంటే గుండ్రంగా తిరిగినట్టే. కాబట్టి ఎవరు నేర్పారో ముందు అడగండి. ఆ పెద్దాయన కొంత తాత దగ్గర, కొంత అచ్చు పంచాంగాల్లోంచి నేర్చుకున్నానని ఏ దాపరికం లేకుండా చెప్పాడు.