వారానికి తొమ్మిది గంటలు నాకెక్కడివి?

ప్రశ్న: నా వయసు 37. అకౌంట్స్ విభాగంలో పనిచేస్తాను. పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. డిప్రెషన్‌తో 11 రోజులు ఆస్పత్రిలో ఉండి ఈ మధ్యే ఇంటికొచ్చాను. ఇప్పుడు డాక్టరుగారు ఇంటెన్సివ్ అవుట్‌పేషెంట్ చికిత్స అంటున్నారు, అంటే ఆస్పత్రిలో చేరకుండా ఇంటి నుంచి వెళ్లొచ్చేది. వారానికి మూడు రోజులు, రోజుకు మూడు గంటలు, ఎనిమిది వారాలు. సెలవులన్నీ అయిపోయాయి. పిల్లల చదువు వెనకబడింది. నేను లేనన్నాళ్లూ మా అత్తగారే మోకాళ్ల నొప్పులతో ఇల్లు నెట్టుకొచ్చారు. మా వారేమో ‘ముక్కూమొహం తెలియనివాళ్లతో చెప్పుకునేదేదో మాతోనే చెప్పుకోరాదా’ అంటారు. వారానికోసారి వెళ్తే సరిపోదా? ఇంటిపనులు ఒక కొలిక్కి వచ్చాక వెళ్తే? నా కోసం ఇన్ని గంటలు తీసుకోవడం స్వార్థంలా అనిపిస్తోంది.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తగారి మోకాళ్ల గురించి రాశారు, పిల్లల చదువు గురించి రాశారు. రాత్రిళ్లు నిద్ర పడుతోందో లేదో, పొద్దున లేవగానే ఎలా ఉంటోందో మాత్రం రాయలేదు. మీ గురించి మీరు ఆలోచించడం ఎంత తగ్గించేశారో అందులోనే కనబడుతోంది.

ముందు వాయిదా సంగతి. వద్దండీ, వాయిదా వేయకండి. మానసిక చికిత్స కోసం ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాక తొలి వారాలు, తొలి మూడు నెలలే అన్నిటికన్నా నాజూకైనవి. జబ్బు తిరగబెట్టడం, చనిపోవాలన్న ఆలోచనలు ముదరడం ఈ రోజుల్లోనే ఎక్కువ. ఆస్పత్రిలో రాత్రీపగలూ కనిపెట్టుకుని చూసేవాళ్లుంటారు. ఇంటికొచ్చిన మర్నాడే పాత బరువంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఈ రెంటికీ మధ్య మెట్టులా ఉండేదే మీ డాక్టరు చెప్పిన చికిత్స. పెద్దవాళ్లకు ఇలాంటి చికిత్స మామూలుగా వారానికి తొమ్మిది గంటల దగ్గరే మొదలవుతుంది. పగలంతా ఆస్పత్రిలో ఉండి రాత్రికి ఇంటికొచ్చే పద్ధతైతే ఇరవై గంటలు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటే మీ డాక్టరు మీ ఉద్యోగాన్నీ పిల్లల్నీ లెక్కలో పెట్టుకునే ఈ మాట చెప్పారు.

వారానికోసారి సరిపోదా అన్నారు. నిలదొక్కుకున్నాక సరిపోతుంది, ఎనిమిది వారాల తర్వాత బహుశా అక్కడికే వస్తారు. ఇప్పుడు మాత్రం రెండు సెషన్ల మధ్య ఆరు రోజుల ఎడం మీకు ఎక్కువ. వారానికి మూడు రోజులైతే, సోమవారం అక్కడ నేర్చుకున్నది మంగళవారం ఇంట్లో వాడి చూస్తారు, బెడిసికొడితే బుధవారం వెళ్లి ఎక్కడ తప్పిందో చెబుతారు. ఇల్లూ ఆఫీసూ ఈ చికిత్సకు అడ్డం అనుకుంటున్నారు మీరు. నిజానికి నేర్చుకున్నదాన్ని సాధన చేసే చోటు అదే.

మీ వారి మాటలో ప్రేమే ఉంది. కాకపోతే అక్కడ జరిగేది మనసులో మాట చెప్పుకోవడం ఒక్కటే కాదని ఆయనకు తెలియదు. ‘నా వల్ల అందరికీ కష్టం’ లాంటి ఆలోచన వచ్చినప్పుడు దాన్ని కాగితం మీద పెట్టి, దానికి సాక్ష్యమేమిటో, ఎదురు సాక్ష్యమేమిటో చూడటం నేర్పుతారు. 1960లలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు మొదలుపెట్టిన పద్ధతి అది. మంచం దిగబుద్ధి కానప్పుడు ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా, ముందే రాసిపెట్టుకున్న చిన్న పని ఒకటి ఆ వేళకు చేయడం నేర్పుతారు. మందులు ఎలా పనిచేస్తున్నాయో చూస్తారు. ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా చూసినా ఇవన్నీ నేర్పలేరు. చాలాచోట్ల కుటుంబసభ్యులతో కూడా ఒకట్రెండు సెషన్లు పెడతారు. మీరు వివరించి చెప్పడానికి తంటాలు పడొద్దు, ఆయన్ని దానికి తీసుకెళ్లండి.

ఇక గంటల సంగతి. తొమ్మిది అంటున్నారు గానీ నేను పన్నెండు అనే లెక్క వేయమంటాను. సెషన్ అయ్యాక ఒక గంట ఎవరికీ ఇవ్వకండి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ గ్రూపు థెరపీలో తొలిసారి నోరు విప్పి మాట్లాడిన రోజు నేరుగా ఇంటికెళ్లి పనిలో పడిపోయారు. వాషింగ్ మెషిన్ మూత తీసి, తడిబట్టలు చేతుల్లో పట్టుకుని, మోచేతుల మీదుగా నీళ్లు కారుతుంటే ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోయారట. ‘ఇక వెళ్లను’ అన్నది ఆ రాత్రే. చికిత్స కష్టమై కాదు, ఊపిరి తీసుకునే వ్యవధి లేక. కాసేపు నడవండి, ఎక్కడైనా కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టేయండి.

ఆ పన్నెండు గంటలూ ఎక్కడి నుంచి తేవాలి? ఇంట్లో ‘కాస్త సాయం చేయండి’ అని అడగకండి. అలా అడిగితే ఏ పని ఎప్పుడు చేయాలో గుర్తుచేసే బాధ్యత మళ్లీ మీదే. పని మొత్తంగా అప్పగించండి. ఆ మూడు రోజులూ పిల్లల హోంవర్కు ఆయనది, అంటే స్కూలు డైరీ చూడటం నుంచి సంచీ సర్దడం దాకా. ఆయన చేసే తీరు మీకు నచ్చకపోవచ్చు, సరిదిద్దకండి. అత్తగారిని ‘మీరేం చేయగలరు’ అనే కాక ‘ఏ పని మీ వల్ల కావడం లేదు’ అని కూడా అడగండి. ఆ రెండోది ఎవరూ చేయకపోయినా ఎనిమిది వారాల్లో ఇల్లేమీ మునిగిపోదు.

ఆఫీసులో జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. ‘వైద్య చికిత్స, ఎనిమిది వారాలు, ఈ రోజుల్లో ఈ వేళలు’ అని డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకోండి. ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం సాయంత్రం బ్యాచ్‌లు నడిపే చోట్లూ ఉంటాయి, అడగండి.

స్వార్థం అన్నారు. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, చికిత్సతో మూడు నెలల్లో తల్లికి డిప్రెషన్ నయమైన ఇళ్లలో పిల్లల దిగులూ ఆందోళనా కూడా తగ్గాయి, తల్లికి నయం కాని ఇళ్లలో పెరిగాయి. పాపకు పదేళ్లంటే మీ ముఖం చూసి అన్నీ పసిగట్టే వయసు. ‘అమ్మకు జబ్బు చేసింది, డాక్టర్లు చూస్తున్నారు, అది నీ వల్ల వచ్చింది కాదు’ అని ఇద్దరికీ చెప్పండి. ఆ చివరి మాట మరీ ముఖ్యం, పిల్లలు నోరు తెరిచి అడగరు.

మందులు ఈ మధ్యే మొదలుపెట్టి ఉంటే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మీ అంతట మీరు ఆపకండి, బాగైపోయిందనిపించినా సరే. కొందరిలో మనసు తేరుకోకముందే ఒంట్లో ఓపిక వస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

మీరు రాయలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా? వస్తుంటే మొదటి రోజే అక్కడ చెప్పండి. ఆలోచన ముదురుతోందని ఏ గుర్తుల వల్ల తెలుస్తుంది, అప్పుడేం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ఏవి అందకుండా దాచాలి అన్నది మీతో కూర్చుని రాయిస్తారు. ఆ కాగితం నకలు ఒకటి మీ వారి దగ్గర ఉండాలి. ఆలోచన బలంగా వస్తే మర్నాటి సెషన్ కోసం ఆగకండి, ఒంటరిగా ఉండకండి. ఆయన్ని లేపి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఒక పొద్దున ‘ఇవాళ వెళ్లలేను’ అనిపిస్తుంది, చాలామందికి అనిపిస్తుంది. ఆ రోజు చెప్పకుండా మానేయొద్దు. మంచం మీద నుంచే వాళ్లకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పండి: ‘ఇవాళ లేవలేకపోతున్నాను.’ ఆ రోజు చికిత్స ఆ ఫోన్‌తోనే మొదలవుతుంది.